ఆ మెసేజ్ నమ్మి డబ్బు పంపకండి

ఈ వారంలో అదే మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. మొదట మా పిన్ని కొడుకు పంపాడు, తర్వాత పాత ఆఫీసు స్నేహితుడు, నిన్న రాత్రి ఇక్కడి మా తెలుగువాళ్ల గ్రూపులో గంట తేడాతో ఇద్దరు. అమెరికా ఎన్నికల్లో కోటీశ్వరుల డబ్బుకు త్వరలోనే కళ్లెం పడబోతోందని దాని సారాంశం. 22 రాష్ట్రాల శాసనసభలు ఇప్పటికే రాజ్యాంగ కన్వెన్షన్, అంటే సవరణ ప్రతిపాదించడానికి రాష్ట్రాలు అడిగి పిలిపించే సభ, కోరాయట, ఇంకో 12 కలిస్తే చాలట. కన్వెన్షన్ కూర్చుందంటే సవరణ వచ్చేసినట్టేనట. సుప్రీంకోర్టు ఇచ్చిన సిటిజన్స్ యునైటెడ్ తీర్పుతో కంపెనీలు అభ్యర్థుల చేతికే డబ్బిస్తున్నాయట. చివర్లో అసలు పిలుపు: అదే తీర్పు వల్ల హెచ్‌-1బి వాళ్లకూ విరాళం ఇచ్చే హక్కు వచ్చింది, కాబట్టి ఈ పోరాటాన్ని సమర్థించే అభ్యర్థులకు తలా 25 డాలర్లు పంపండి అని.

పంపినవాళ్లంతా మంచి మనసుతోనే పంపారు. ఆ తీర్పు పోవాలని నేనూ కోరుకుంటున్నాను. అందుకే ఇంత కోపం వస్తోంది.

కంపెనీల సంగతి ముందు తేల్చేద్దాం. కంపెనీలు ఫెడరల్ అభ్యర్థులకు నేరుగా డబ్బివ్వకూడదన్న చట్టం 1907 నుంచి ఉంది, ఇవాళ్టికీ ఉంది. 2010 జనవరిలో సిటిజన్స్ యునైటెడ్ కేసులో సుప్రీంకోర్టు తెరిచిన తలుపు వేరు. అభ్యర్థితో సంప్రదించకుండా విడిగా ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చంది. రెండు నెలలకే వాషింగ్టన్ అప్పీల్ కోర్టు ఇంకో కేసులో, అలా విడిగా ఖర్చు చేసే సంఘాలకు వచ్చే విరాళాల మీద పరిమితి ఉండకూడదంది. సూపర్ ప్యాక్‌లు పుట్టింది అక్కడే. 2024లో ఇలాన్ మస్క్ ఒక్కడే 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేయగలిగాడంటే ఈ దారి ఉండబట్టే. రోగం ఎక్కడుందో తెలియకుండా మందు పంచితే ఎలా?

22 అన్న లెక్క రెండు వేర్వేరు విషయాలను కలిపేసింది. ఇరవైకి పైగా రాష్ట్రాలు తీర్మానాల ద్వారానో, ప్రజల ఓటు ద్వారానో "మీరే ఒక సవరణ ప్రతిపాదించండి" అని ఇక్కడి పార్లమెంటయిన కాంగ్రెస్‌ను కోరిన మాట నిజం. అది విన్నపం. కన్వెన్షన్ పిలవమని, సవరణల పద్ధతి చెప్పే అమెరికా రాజ్యాంగం ఐదో ఆర్టికల్ కింద పెట్టే దరఖాస్తు వేరు. ఎన్నికల డబ్బు మీద ఆ దరఖాస్తు పెట్టినవి ఐదే: 2014లో వెర్మాంట్, కాలిఫోర్నియా, ఇల్లినాయ్, 2015లో న్యూజెర్సీ, 2016లో రోడ్ ఐలండ్. వాటిలోనూ కొన్ని ఆ తర్వాత వెనక్కి తగ్గాయి. మన దేశంలో రాజ్యాంగ సవరణ మొదలుపెట్టే అధికారం పార్లమెంటుకే తప్ప రాష్ట్రాలకు లేదు కాబట్టి మనవాళ్లకు ఈ తేడా తట్టకపోవచ్చు. కానీ మెసేజ్ రాసినవాడికి తెలియదా? 12 మిగిలాయని చెబితే జనం ఉత్సాహపడతారు, కనీసం 29 అంటే పడరు. అంతే కదా?

ఇక నన్ను నిన్న రాత్రి నిద్రపోనివ్వని ముక్క.

హెచ్‌-1బి, హెచ్‌-4, ఎఫ్‌-1, ఓపీటీ, వీటిలో దేని మీద ఉన్నా ఫెడరల్, రాష్ట్ర, స్థానిక ఎన్నికల్లో ఏ అభ్యర్థికీ, ఏ ప్యాక్‌కీ ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. గ్రీన్ కార్డు వచ్చాకే ఇవ్వొచ్చు. ఇందులో సందేహమే లేదు, ఎందుకంటే సరిగ్గా ఇదే వాదన కోర్టుకు వెళ్లి ఓడిపోయింది. సిటిజన్స్ యునైటెడ్ తీర్పు వచ్చాక, తాత్కాలిక వర్క్ వీసా మీద న్యూయార్క్‌లో పనిచేస్తున్న ఒక కెనడా లాయరు, తనకూ విరాళం ఇచ్చే హక్కు ఉండాలని కేసు వేశాడు. 2011లో ముగ్గురు జడ్జీల కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు రాసింది ఇప్పుడు సుప్రీంకోర్టులో ఉన్న బ్రెట్ కవనా. 2012 జనవరిలో సుప్రీంకోర్టు వాదనలు కూడా వినకుండానే దాన్ని ఖాయం చేసింది. పద్నాలుగేళ్లుగా తేలిపోయి ఉన్న విషయం ఇది.

గ్రూపులో ఒకాయన "గ్రీన్ కార్డు ఉన్న బావగారి పేరు మీద పంపితే సరి" అని సలహా ఇచ్చారు. అయ్యా, ఇంకొకరి పేరు మీద విరాళం ఇవ్వడం ఇంకో నేరం! తెలిసి చేస్తే క్రిమినల్ కేసు దాకా వెళ్తుంది. విరాళం ఫారంలో "నేను పౌరుణ్ణి లేదా గ్రీన్ కార్డు ఉన్నవాణ్ణి" అని టిక్కు పెట్టించుకుంటారు. అక్కడ అబద్ధపు టిక్కు పెట్టి, గ్రీన్ కార్డు కోసం పదేళ్లు క్యూలో టెన్షన్ పడుతూ నిలబడతారా? 25 డాలర్ల కోసమా? ఆ మెసేజ్ కింద "పంపేశాను అన్నా" అని రాసిన కుర్రాడు నిరుడు వీసా మీద వచ్చినవాడు. రాత్రి పదకొండింటికి అతనికి ఫోన్ చేశాను. ఆ ప్రచార కమిటీకి పొద్దున్నే ఉన్నమాట రాసి డబ్బు వెనక్కి అడగమని, ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడమని చెప్పాను. మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్లెవరైనా అతనికి ఫోన్ చేశారా? మీకు సాయం చేయాలనే ఉంటే జీతం తీసుకోకుండా వాలంటీరుగా పనిచేయొచ్చు. దానికి చట్టం అడ్డు రాదు.

కన్వెన్షన్ కూర్చుంటే సవరణ వచ్చేసినట్టే అన్నది కూడా తప్పే. ఆ తర్వాత 38 రాష్ట్రాలు ఆమోదించాలి. 13 కాదంటే అక్కడితో సరి. ఐదో ఆర్టికల్ కింద ఇంతవరకు ఒక్క కన్వెన్షన్ కూడా జరగలేదు కాబట్టి ప్రతినిధుల్ని ఎవరు పంపాలో, ఓట్లు ఎలా లెక్కించాలో ఎక్కడా రాసి లేదు. అది ఎటు పోతుందోనన్న భయంతోనే 2016లో డెలవేర్, 2017లో మేరీలాండ్, నెవాడా వేరే విషయాల మీద పెట్టిన తమ పాత దరఖాస్తులన్నీ రద్దు చేసుకున్నాయి.

కానీ ఆ మెసేజ్‌లో ఒక వాక్యం నిజమని ఒప్పుకోవాలి: "కాంగ్రెస్ తనంతట తాను ఈ పని చేయదు." 2014 సెప్టెంబరులో సెనేట్‌లో ఇలాంటి సవరణకు 54 మంది అనుకూలంగా, 42 మంది వ్యతిరేకంగా ఓటేశారు. చర్చ ముగించడానికే 60 కావాలి, నెగ్గడానికి 67. అది అక్కడే ఆగిపోయింది. సెనేటర్లను జనమే నేరుగా ఎన్నుకోవాలన్న సవరణనూ సెనేట్ ఏళ్ల తరబడి తొక్కిపట్టింది. రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి కన్వెన్షన్ దరఖాస్తులు పెడుతూ పోతే 1911లో దిగొచ్చింది, 1913 కల్లా అది రాజ్యాంగంలోకి వచ్చింది. కన్వెన్షన్ జరగనే లేదు, ఆ ఒత్తిడి మాత్రం పనిచేసింది.

అందుకే ఈ దరఖాస్తుకు ఓటెయ్యమని మా స్టేట్ సెనేటర్‌కు నేనే నిరుడు ఉత్తరం రాశాను. ఇప్పటిదాకా అడిగినవి ఐదే అని అందులో ఉన్నదున్నట్టే రాశాను.