తెల్ల కారు, రెండో బాణం

హుస్సేన్ సాగర్‌లో నిలబడ్డ బుద్ధుడు 58 అడుగుల ఏకశిల. బరువు వందల టన్నుల్లో. ట్యాంక్‌బండ్ మీద ఎవరెన్ని హారన్లు కొట్టినా కదలడు. నా బరువు 82 కిలోలు. వెనక ఆటో ఒక్కసారి హారన్ కొడితే పూర్తిగా కదిలిపోతాను. కాబట్టి మనశ్శాంతి అనేది బరువుకు సంబంధించిన వ్యవహారమని నా తొలి ప్రతిపాదన.

1990 మార్చిలో సాగర్ మధ్యలోని గుట్ట దాకా తీసుకెళ్తుంటే ఆ బుద్ధుడు నీళ్లలో పడిపోయాడు. (ఆ రోజు ప్రాణాలు పోయాయి, అది నవ్వులాట కాదు.) మళ్లీ పైకి తీసింది 1992 డిసెంబరులో. అన్నాళ్లు ఆ నీళ్ల అడుగున పడుకుని కూడా మొహం చిట్లించకుండా లేచొచ్చాడంటే, నెక్లెస్ రోడ్డు మీద ముక్కు మూసుకుని బండి నడిపినవాళ్లకే ఆ గొప్పతనం తెలుస్తుంది.

నాకు పరీక్ష శనివారం పొద్దున ఎనిమిదింటికి, మా సెల్లార్‌లో వచ్చింది. నా కారుకు అడ్డంగా తెల్ల కారు. హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంది. దుఃఖానికి మూలం తృష్ణ అని బుద్ధుడు చెప్పాడు. ఆయన మీద పూర్తి గౌరవంతోనే, తృష్ణ పక్కన హ్యాండ్‌బ్రేక్‌ని కూడా చేర్చమని మనవి.

"మూడో ఫ్లోర్ సార్‌ది. ఫోన్ ఎత్తుతలేరు సార్" అన్నాడు వాచ్‌మన్. కోపం వస్తే 'కోపం వచ్చింది' అని గమనించమంటారు. గమనించాను. అంతకుముందు కంటే ఇంకా స్పష్టంగా కనపడింది.

ఇరవై నిమిషాలకు నిక్కరుతో దిగాడాయన. "ఐదు నిమిషాలు ఆగలేరా? మీకొక్కరికేనా పనులు?" అన్నాడు. నాకు బౌద్ధ గ్రంథాల్లోని అక్కోస సుత్తం గుర్తొచ్చింది. భారద్వాజ గోత్రపు బ్రాహ్మణుడొకడు బుద్ధుణ్ణి నానా తిట్లూ తిడతాడు. "నువ్వు వడ్డించింది అతిథి తినకపోతే ఆ తిండి ఎవరిది? నీ తిట్లూ అంతే, నేను తీసుకోవట్లేదు" అంటాడు బుద్ధుడు. నేనూ అదే స్వరంలో, "సార్, మీ మాటలు నేను తీసుకోవట్లేదు. మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాను.

భారద్వాజుడు ఆ తర్వాత భిక్షువై, తృష్ణలన్నీ వదిలిన అర్హతుడయ్యాడు. మా మూడో ఫ్లోర్ ఆయన అసోసియేషన్ సెక్రటరీకి కంప్లైంట్ ఇచ్చాడు.

బుద్ధుడే చెప్పిన ఇంకో మాట ఉంది. ఒంటికి తగిలిన నొప్పి మొదటి బాణం, దాని గురించి కుమిలిపోతూ మనం గుచ్చుకునేది రెండోది. నా మొదటి బాణం ఎనిమిదిన్నరకల్లా సెల్లార్ దాటి రోడ్డెక్కింది. రెండోదాన్ని మాత్రం రాత్రి రెండింటిదాకా ఫోన్‌లో చెక్కుతూ కూర్చున్నాను. గ్రూపులో పెట్టడానికి పద్నాలుగు లైన్లు. 'కనీస సంస్కారం' తీసేసి 'పౌర స్పృహ' పెట్టాను. మళ్లీ సంస్కారమే బాగుందనిపించింది.

"ఏంటండీ ఆ వెలుతురు?" అంది మా ఆవిడ.

"ధర్మం గురించి రాసుకుంటున్నా."

"తెల్ల కారాయన గురించేగా? పడుకోండి."

సోమవారం దిగేసరికి తెల్ల కారు మళ్లీ అడ్డంగానే ఉంది. హ్యాండ్‌బ్రేక్ మాత్రం వేసి లేదు. వాచ్‌మనూ నేనూ తోస్తే ఒక్క ఊపుకే జరిగింది. కోపం తెచ్చుకుందామని కాసేపు ప్రయత్నించాను, రాలేదు. సంతోషించాల్సింది పోయి కాస్త నిరాశపడ్డాను. ఆ పద్నాలుగు లైన్లు ఇంకా ఫోన్‌లోనే ఉన్నాయి. నిన్న ఒక అచ్చుతప్పు కనపడితే దిద్దాను.