గడప దాటి చూడని కిడ్నీ వారికి ఒక అర్జీ

మహారాజశ్రీ ఎడమ, కుడి కిడ్నీ గార్లకు,

మీ యజమాని గారి కోడలు నమస్కరించి రాయునది. ఇక్కడ ఉప్పు క్షేమం, నీళ్లు క్షేమం. మావగారి కాళ్లు మాత్రం వాచి ఉన్నాయి.

మీరు పని దొంగలని అనే ధైర్యం మాకు లేదు. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవం వడకడతారు. అందులో లీటరున్నర బయటకు పంపి, మిగతాదంతా వెనక్కి తీసుకుంటారు. అలా వడకట్టిన దాంట్లో ఉప్పే కిలోన్నర దాకా ఉంటుందట. నెల సరుకుల్లో మా ఇంటికి వచ్చేది ఒక్క కిలో ప్యాకెట్టు. మీరు రోజూ అంతకంటే ఎక్కువ పారబోసి, నూటికి 99 పాళ్లు మళ్లీ ఏరుకుంటారు. ఇంతటి పొదుపరులు మా అత్తగారి పుట్టింటి వైపు కూడా లేరు.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదని పెద్దలు ఊరికే అనలేదు. రక్తంలో ఉప్పు కాస్త చిక్కబడగానే మెదడు పసిగట్టి దాహం పుట్టిస్తుంది, నీళ్లు వదలొద్దని వాసోప్రెసిన్ అనే హార్మోన్ చేత మీకు కబురూ పెడుతుంది. ఒంట్లో 9 గ్రాముల ఉప్పు నిలిచిందంటే దాని వెంట లీటరు నీళ్లు నిలిచినట్టే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకైతే రెండు మూడు రోజుల్లో మీరే ఆ లెక్క సరిచేస్తారు. పెళ్లి భోజనం చేసొచ్చిన మర్నాడు ఉంగరం బిగుసుకుని, తర్వాత దానంతటదే వదులవడం మీ చలవే.

మా ఫిర్యాదు దాని గురించి కాదు. మావగారి గుండె నీరసించింది. మీ దాకా వచ్చే రక్తం జోరు తగ్గింది. అక్కడే మీ సర్కారీ ఆఫీసు బుద్ధి బయటపడింది. బల్ల మీదికొచ్చిన కాగితం తప్ప కిటికీ బయట ఏం జరుగుతోందో మీరు చూడరు. జోరు తగ్గింది కాబట్టి ఒంట్లో నీళ్లు అయిపోయాయని తేల్చేశారు. కరువు ప్రకటించేశారు! రెనిన్ అనే రసాయనం రక్తంలోకి వదిలారు, దాంతో యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ పుట్టింది, అది వెళ్లి మీ నెత్తిన కూర్చున్న అడ్రినల్ గ్రంథిని లేపింది, అది ఆల్డోస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ పంపి "ఉప్పు గింజ కూడా పోనివ్వొద్దు" అంది. ఫైలు చకచకా నడిచింది. మామూలు రోజుల్లో ఇంత చురుకుతనం ఏ ఆఫీసులో చూశాం!

బయట చూస్తే వరద. మావగారి చీలమండ పైన బొటనవేలితో నొక్కి తీస్తే గుంట పడుతోంది. అది పూడేదాకా కాఫీ చల్లారిపోతోంది. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, అందుకని ఒక దిండు కాస్తా మూడయ్యాయి. మీరేమో లోపల ఇంకా కరువు పనులు నడిపిస్తున్నారు.

ఒంట్లో నిలిచిన నీళ్లు మూత్రంగా పోవడానికి డాక్టరుగారు ఫ్యూరోసెమైడ్ అనే మాత్ర రాశారు. 1862లో హెన్లే అనే జర్మన్ శాస్త్రవేత్త మీలో మెలిక తిరిగిన సన్నటి గొట్టాల గురించి రాశాడు. వడకట్టిన ఉప్పులో పావు వంతు దాకా మీరు ఏరుకునేది అక్కడే. ఆ మాత్ర అక్కడే అడ్డం పడుతుంది. మీరు ఊరుకున్నారా? మాత్ర ప్రభావం దిగీ దిగగానే పోయినదాన్ని పూడ్చుకోవడానికి మళ్లీ పొదుపు మొదలు.

ఆ పొదుపుకు కావలసిన సరుకు మా వంటింటి నుంచే అందుతోంది. డాక్టరుగారు ఉప్పు తగ్గించమన్నారని అత్తగారు పప్పులో ఉప్పు మానేశారు. చప్పటి పప్పు గొంతు దిగదు కదా, అందుకని ఆవకాయ బద్ద ఒకటికి రెండయింది. ఆవకాయలో ఆవపిండి, కారం, ఉప్పు ఇంచుమించు సమపాళ్లు. మజ్జిగ మిరపకాయలు, వడియాలు, అప్పడాలు "నంచుకోడానికే కదా" అని లెక్కలోకి రావు. సైంధవ లవణం మంచిదని ఓ బంధువు తెచ్చిచ్చాడు. రంగు మారినా అదీ సోడియం క్లోరైడే. సోడియం తక్కువ ఉప్పని ఇంకొకాయన ప్యాకెట్టు పంపాడు. అందులో కలిపేది పొటాషియం క్లోరైడ్. మీరు నీరసపడితే ఆ పొటాషియం బయటకు పోక గుండె లయే తప్పుతుంది. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర ఉండనే ఉంది. అది మీకొచ్చే రక్తాన్ని ఇంకాస్త బిగిస్తుంది, మీరు కరువు మండలాల జాబితా పెంచుతారు.

అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో వాల్టర్ కెంప్నర్ అనే డాక్టరు 1940లలో బీపీ, కిడ్నీ రోగులకు అన్నం, పళ్లు, చక్కెర పెట్టి, ఉప్పు దాదాపు పూర్తిగా మానిపించి చాలామందికి బీపీ తగ్గించాడు. ఉప్పు లేకుండా అన్నం! ఆయన మా గోదావరి జిల్లాలో ప్రాక్టీసు పెట్టి ఉంటే మొదటి వారమే బోర్డు తిప్పేసేవాడు.

కాబట్టి కోరేదేమనగా, ఫైలు మీద సంతకం పెట్టేముందు ఒక్కసారి కాళ్ల వైపు చూడండి. అది మీ రూల్సులో లేదంటారని తెలుసు. అందుకే రోజూ పొద్దున టిఫిన్‌కి ముందు మావగారి బరువు చూసి క్యాలెండరు మీద రాస్తున్నాం. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే ఫోన్ చేయమన్నారు డాక్టరుగారు. రోజుకు మొత్తం 5 గ్రాముల లోపు, అంటే ఒక్క టీస్పూను ఉప్పు, విడిగా గిన్నెలో తీసి పెడుతున్నాను. ఆవకాయ కూడా ఆ పద్దులోకే వస్తుందని ఇంట్లో ప్రకటించాక నాతో మాట్లాడేవాళ్లు తగ్గారు.

ఇట్లు,
విధేయురాలు

నకళ్లు గుండె గారికి, అడ్రినల్ గ్రంథి గారికి పంపడమైనది. అత్తగారికి పంపలేదు. ఆవిడ ఈ వారం మాగాయకి ముక్కలు తరుగుతున్నారు, చేతిలో కత్తిపీట ఉంది.