‘ఇంపుగా’ సంగతి కుర్రాళ్లు చూసుకుంటారు

బైబిల్లోని కీర్తనల గ్రంథం 33వ కీర్తన మూడో వచనం నూతన కీర్తన పాడమంటుంది. అక్కడితో ఆగదు, ఇంపుగా వాయించమని కూడా అంటుంది. ఆ రెండో సగాన్ని మన క్రైస్తవ సంఘాలు ఏనాడో మందిరంలోని ఉచిత రికార్డింగ్ స్టూడియోకి అప్పజెప్పేశాయి. పాట రాయడం బ్రదర్ గారి వంతు, ఇంపు స్టూడియో కుర్రాళ్ల వంతు. వాళ్లకెలాగూ జీతం లేదు, కాబట్టి తొందరా ఉండదని అందరి నమ్మకం.

ఇంత చక్కని ఏర్పాటును చెడగొట్టాలని ఈమధ్య కొందరు బయల్దేరారు. స్టూడియోకి వచ్చేముందే శ్రుతి తేల్చుకోవాలట. ఫోన్లో తంబూరా యాప్ పెట్టుకుని, చరణంలో అన్నిటికన్నా పైకి వెళ్లే లైను పాడి చూసుకోవాలట. గొంతు బిగుసుకుపోతే అర శ్రుతి దించి మళ్లీ పాడాలట. ఇది శుద్ధ అవిశ్వాసం. ఒకటిన్నర శ్రుతిలో బ్రదర్ గారి కోసం కట్టిన వాద్యాల ట్రాక్ మీద, ఐదున్నర శ్రుతిలో పాడే సిస్టర్ గారిని నిలబెట్టడంలోనే కదా విశ్వాసమంతా ఉంది! పల్లవి ఎలాగో గట్టెక్కుతుంది. చరణం పై షడ్జమం (పై ‘స’) దాటగానే గొంతు చిట్లుతుంది. కీబోర్డును మిడి (MIDI) పద్ధతిలో, అంటే శబ్దం కాక ఏ మెట్లు నొక్కారో మాత్రమే ఎక్కేలా వాయించి ఉంటే ఒక్క మీటతో శ్రుతి మారుతుంది. ఆడియోగా ఎక్కేసిన ఫ్లూటు, తబలా అలా మారవు. కంప్యూటర్లో రెండు మూడు మెట్లు జరిపేసరికే ఫ్లూటుకి జలుబు చేస్తుంది. అంటే వాయించినవాళ్లను మళ్లీ పిలవాలి. వాళ్లూ ఉచితమే.

ఇక గది. మందిరం వెనక సామాన్ల గదికి నాలుగు గోడలా కోడిగుడ్ల అట్టలు అతికిస్తేనే అది స్టూడియో. ఆ పల్చటి అట్ట పైస్వరాలను కాస్త చెదరగొడుతుంది, అంతకుమించి ఏమీ చేయదు. గదిలోని బొయ్యిమనే మోత అలాగే ఉంటుంది, నిప్పంటుకుంటే మాత్రం క్షణాల్లో పాకుతుంది. అయినా ఫొటోలో బాగా పడుతుంది కదా. పాడేవాళ్ల వెనకా పక్కలా దళసరి బొంతలు, దూది పరుపులు నిలబెట్టి ఫ్యాను ఆపితే పని జరుగుతుంది. కానీ బొంత ముందు నిలబడి సెల్ఫీ ఎవరు దిగుతారు?

కండెన్సర్ మైకు (బయటినుంచి కరెంటు అందితేనే పలికే స్టూడియో మైకు) పలకకపోతే ముందు ప్రార్థన చేస్తారు, తర్వాత ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) మీద ఆ కరెంటు పంపే 48 వోల్టుల బటన్ నొక్కుతారు. మైకు పలుకుతుంది. సంఘంలో చెప్పే సాక్ష్యంలోకి ప్రార్థన మాత్రమే ఎక్కుతుంది.

పాప్ ఫిల్టర్ (మైకు ముందు పెట్టే పల్చటి తెర) గురించి మాత్రం నిజంగానే వాక్యాధారంతో మాట్లాడాలి. ప్రభువు, ప్రేమ, పాపం, పరలోకం, పరిశుద్ధుడు: మన పాటలకు కావలసినవన్నీ ప-కారంతోనే మొదలవుతాయి. ప్రతి ప-కారానికీ నోట్లోంచి ఒక గాలిదెబ్బ వెళ్లి మైకుని గుద్దుతుంది. జానెడు దూరంలో నిలబడి, మధ్యన ఫిల్టర్ పెట్టుకుని, మైకుని నోటికి తిన్నగా కాక కొంచెం పక్కకు తిప్పితే చాలు. అయితే కూడికల్లో మైకుని పెదాలకు ఆనించి పాడిన అలవాటు అంత తేలిగ్గా పోదు. లెవెల్ చూసేటప్పుడు గొణిగి, రికార్డింగ్ మొదలయ్యాక ‘హల్లెలూయ’ అని ఎలుగెత్తే అలవాటూ అంతే. గట్టిగా పాడించి, లెవెల్ మీటర్లో శిఖరాలు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకోకపోతే ఆ హల్లెలూయ చీలిపోతుంది. చీలిన శబ్దాన్ని సాఫ్ట్‌వేరు పూర్తిగా అతికించేస్తుందనుకుని ఎవరూ ధైర్యం తెచ్చుకోవద్దు.

చరణాలు ఐదు. తగ్గించమంటే ‘దేవుడిచ్చిన పాట’ అంటారు. బాణీ మాత్రం సినిమాది. దాన్ని యూట్యూబ్ ఇట్టే పట్టేసి, ప్రకటనల డబ్బు ఆడియో కంపెనీకి పంపుతుంది, లేదా పాటనే ఆపేస్తుంది. పోనీ పాత కీర్తన పాడదామంటే, తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1890లోనే ప్రభువు దగ్గరికి వెళ్లారు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లకు హక్కు తీరిపోతుంది గనుక ఆయన మాటలు ఎవరైనా పాడుకోవచ్చు. నెట్‌లో దొరికిన మరొకరి ట్రాక్ మీద పాడటానికి మాత్రం ఆ 60 ఏళ్లు పనికిరావు. ఆ ట్రాక్ నిరుడు చేసింది.

క్రిస్మస్ పాటలకు నవంబర్ 15 ఆఖరి తేదీ అని తలుపు మీద రాసి పెట్టడం మంచి ఆచారం. డిసెంబర్ 20న వచ్చేవాళ్లు లోపలికి రాబోతూ చదువుకోవడానికి ఉంటుంది. వాళ్ల కోసం ఒక దరఖాస్తు కాగితం కూడా పెట్టొచ్చు: పాట పేరు, చరణాలెన్ని, వేగం ఎంత, శ్రుతి ఎంత. ఆఖరి గడిలో అందరూ ‘దేవుని చిత్తం’ అనే రాస్తారు. తబలా మాత్రం ఒకటిన్నరకు కలిపి ఉంటుంది.