మూసిన తలుపును గీయడం మానండి

రహస్య ఒప్పందాల మీద కార్టూన్ అనగానే చాలామంది చేతికి వచ్చేవి అవే నాలుగు: మూసిన తలుపు, చదరంగం బల్ల, తోలుబొమ్మ తాళ్లు, వీపు వెనక కత్తి. పేర్లు మారిస్తే ఏ యుద్ధానికైనా అతుకుతాయి. ఎవరేం పోగొట్టుకున్నారో ఒక్క ముక్క చెప్పవు. యుద్ధంలో జనం చస్తుంటే ఇంత బద్ధకంగా గీయడం నాకు నచ్చదు.

లండన్ కార్టూనిస్టు డేవిడ్ లో (David Low) ఏం చేశాడో చూడండి. 1939 ఆగస్టు 23న మాస్కోలో హిట్లర్, స్టాలిన్ ప్రభుత్వాలు ఒకరిపై ఒకరు దాడి చేసుకోమన్న ఒప్పందం మీద సంతకాలు చేశాయి. తూర్పు ఐరోపాను పంచుకునే రహస్య ప్రోటోకాల్, అంటే అనుబంధ పత్రం, దానికి జత. సెప్టెంబరు 1న జర్మన్ సేనలు, 17న సోవియట్ సేనలు పోలండ్‌లోకి దిగాయి. 20న లండన్ పత్రిక ఈవినింగ్ స్టాండర్డ్‌లో డేవిడ్ లో కార్టూన్ 'రాండెవూ' (కలయిక) అచ్చయింది. ఆ ప్రోటోకాల్‌ను అమెరికా విదేశాంగ శాఖ ప్రచురించింది 1948లో. అంటే గీసేనాటికి డేవిడ్ లో దగ్గర ఆ కాగితం లేదు. అందరికీ కనబడుతున్నదే ఉంది: రెండు సైన్యాలు, ఆ ఇద్దరూ అంతకుముందు ఏళ్లతరబడి ఒకరినొకరు తిట్టుకున్న తిట్లు, నేలకూలిన పోలండ్.

వాటితోనే బొమ్మ కట్టాడు. ఇద్దరూ టోపీలు తీసి వంగి దండం పెట్టుకుంటున్నారు. "లోకంలోని చెత్తంతా తమరేనండీ?" అని హిట్లర్, "కార్మికుల్ని చంపిన నెత్తుటి హంతకులు తమరేనా?" అని స్టాలిన్. మధ్యలో నేలమీద శవం. వాళ్లు కౌగిలించుకున్నట్టు గీసుంటే అది స్నేహం గురించిన బొమ్మ అయ్యేది. వంగడం వల్ల మన చూపు కిందికి, శవం మీదికి పోతుంది. శవాన్ని తీసేస్తే మిగిలేది వట్టి చమత్కారం.

అదే ఏడాది అక్టోబరు 9న అమెరికా కార్టూనిస్టు క్లిఫర్డ్ బెర్రీమన్ హిట్లర్‌ని పెళ్లికొడుకుగా, స్టాలిన్‌ని పెళ్లికూతురుగా వేసి, ఈ హనీమూన్ ఎన్నాళ్లో అని అడిగాడు. ఎక్కువమందికి గుర్తున్నది అదే అనుకుంటా. నాకు మాత్రం డేవిడ్ లో బొమ్మకంటే అది తక్కువే, ఎందుకంటే అందులో పోలండ్ లేదు.

కాగితం బయటపడ్డాక పని తిరగబడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ విదేశాంగ మంత్రి మెక్సికోకు రహస్యంగా పంపిన జిమ్మర్‌మన్ టెలిగ్రామ్ 1917 మార్చి 1న అమెరికా పత్రికల్లో వచ్చింది. మెక్సికో తమతో కలిస్తే టెక్సాస్, న్యూ మెక్సికో, అరిజోనా తిరిగి సంపాదించుకోవచ్చని జర్మనీ ఆశపెట్టింది. అప్పుడు బెర్రీమన్ ఆ రాష్ట్రాల మ్యాప్‌ని కోస్తున్న చెయ్యి గీశాడు. ముఖాలు అక్కర్లేదు, ఆ షరతే బొమ్మ.

మ్యాప్ కోయడం అందరూ కాపీ కొడతారు, కొలతలు వదిలేస్తారు. 1805లో బ్రిటిష్ కార్టూనిస్టు గిల్రే గీసిన భూగోళపు పుడ్డింగ్‌లో నెపోలియన్ ఐరోపాను కోసుకుంటాడు, బ్రిటన్ ప్రధాని పిట్ అంతకన్నా పెద్ద ముక్క, సముద్రాన్ని. ఎవరికెంత అన్నదే అక్కడ విమర్శ. కాపీల్లో కేకు, కత్తి మిగులుతాయి, వాటాలు ఉండవు.

గీసే ముందు మూడు వరసలు రాసుకోండి: రుజువైనవి, వాళ్ల నోటితో అన్నవి, మన ఊహలు. మూడో వరస బొమ్మలోకి రాకూడదు. వస్తే రేపు ఖండన వెలువడగానే మొత్తం కార్టూన్ కొట్టుకుపోతుంది. తిట్లు, హామీలు రెండో వరస నుంచే తీసుకోండి. రెండుకు మించి లేబుళ్లు కావాల్సివస్తే ఆలోచన ఇంకా పండలేదు. ముఖాలకన్నా ముందు చేతులు, నడుము వంపు గీయండి. చివరగా బొమ్మను బొటనవేలంత చేసి చూడండి. నాయకులిద్దరూ కనబడి నష్టపోయినవాడు కనబడకపోతే, నాయకుల్ని చిన్నవాళ్లను చేసి మళ్లీ గీయండి.