హవాయి కింద గుహ ఏమీ లేదు

అదే సందేశం మళ్లీ వచ్చింది. దాని సారాంశం ఇది: హవాయి దీవుల కింద సముద్రపు అడుగు కాలి కన్నం పడింది. శిలాద్రవమంతా పైకి వచ్చేయడంతో కింద పెద్ద గుహ మిగిలింది. దీవులు అందులోకి కుంగుతున్నాయి. లోతున వచ్చే భూకంపాలు ఆ గుహ పైకప్పు పగులుతున్న చప్పుళ్లు. యాభై ఏళ్లలో హవాయి ఉండదు. కాబట్టి సముద్రమట్టం పెరుగుతోందన్నది అబద్ధం, మునుగుతున్నది నేల. చివర షరా మామూలే: పది మందికి పంపండి. ఆ పది మందీ నాకే పంపుతున్నారు.

కన్నం లేదు. భూకంప తరంగాలతో తడిమి చూస్తే దీవుల కింద భూపటలం, అంటే భూమి గట్టి పైపొర, తెగకుండా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది. వంగి ఉంది, అంతే. శిలాద్రవం సన్నని పగుళ్లలోంచే పైకి వస్తుంది, దానికి సింహద్వారం అక్కర్లేదు.

గుహ సంగతి కాస్త ఓపిగ్గా చెబుతాను. దీవి కుంగుతున్న మాట నిజం. కింద ఖాళీ ఉండి కాదు, పైన బరువుండి. హవాయిలోని పెద్ద దీవి మీదున్న అగ్నిపర్వతం మౌనా లోవా సముద్రం పైకి 4,169 మీటర్లు కనిపిస్తుంది, నీళ్లలో మరో ఐదు కిలోమీటర్లు ఉంటుంది. ఆ బరువుకు అడుగునున్న ఫలకం (భూపటలమూ దాని కిందున్న గట్టి రాయీ కలిసిన పలక) ఇంకో ఎనిమిది కిలోమీటర్లు కిందికి వంగింది. అసలు పాదం నుంచి కొలిస్తే ఆ కొండ ఎత్తు దాదాపు 17 కిలోమీటర్లు. దీవుల చుట్టూ సముద్రపు అడుగున పల్లం ఉంది. ఆ పల్లం దాటి, దీవుల నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం పోతే, అడుగు మామూలు మట్టం కంటే ఎత్తుగా ఉబ్బి గట్టు కట్టింది. మధ్యలో బరువు పెడితే దూరాన లేచేది వంగే వస్తువు. గుహ కప్పు కూలితే గొయ్యి పడుతుంది కానీ అంత దూరాన గట్టు ఎలా లేస్తుంది? సందేశకర్త ఈ గట్టు ఊసే ఎత్తలేదు. నీళ్లలో ఉంది కదా, ఎవరు చూడొచ్చారులే అనుకుని ఉంటారు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. శిలాద్రవం ఖాళీ అయితే పైనేల కూలుతుందన్నది కట్టుకథ కాదు. 2018లో అదే పెద్ద దీవి మీదున్న మరో అగ్నిపర్వతం కిలౌయాలో సరిగ్గా అదే జరిగింది. శిలాద్రవం తూర్పు వైపుకు తరలిపోయి, శిఖర బిలం అడుగు దాదాపు 500 మీటర్లు దిగబడింది. అయితే అది శిఖరం దగ్గర కొద్ది కిలోమీటర్ల పరిధిలో, కొన్ని నెలల్లో ముగిసిన వ్యవహారం. దాన్ని తెచ్చి దీవులన్నిటికీ అంటగట్టడం వేరే విద్య.

ఇక భూకంపాలు. 2024 ఫిబ్రవరి 9న పెద్ద దీవిలోని పహాలా అనే ఊరి దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం 37 కిలోమీటర్ల లోతున పుట్టింది. అంటే భూపటలం కూడా దాటి, ఫలకంలో దాని కింది పొరైన భూప్రావారపు రాతిలో. ఫలకం వంగినప్పుడు ఒక పక్క నొక్కుకుంటుంది, మరో పక్క సాగుతుంది. రాయి ఆ ఒత్తిడికి తట్టుకోలేనప్పుడు జారుతుంది. పగలాలన్నా జారాలన్నా అక్కడ గట్టి రాయి ఉండాలి. ఖాళీ ఎలా పగులుతుందో సందేశంలో రాయలేదు.

యాభై ఏళ్ల గడువుకు ఒక భాగహారం చాలు. పగడాలు దిబ్బలు కట్టేది వెలుగు అందే లోతులేని నీళ్లలో. పెద్ద దీవికి వాయవ్యాన అలాంటి దిబ్బలు మెట్లు మెట్లుగా, వెయ్యి మీటర్లకు మించిన లోతు దాకా మునిగి ఉన్నాయి. వాటి వయసును బట్టి లెక్కగడితే దీవి కుంగే వేగం ఏటా సుమారు 2.5 మిల్లీమీటర్లు. యాభై ఏళ్లకు పన్నెండున్నర సెంటీమీటర్లు. ఆ దీవిలోని ఎత్తైన శిఖరం మౌనా కియా ఎత్తు 4,200 మీటర్ల పైచిలుకు. మిగతా లెక్క మీరే చేసుకోండి, తొందరేమీ లేదు.

అసలు విషం చివరి వాక్యంలో ఉంది. మిగతాదంతా దాన్ని మింగించడానికి పూసిన బెల్లం. సందేశంలో పెద్ద దీవిలోని హిలో రేవు దగ్గర కొలిచిన సముద్రమట్టం గ్రాఫు ఒక్కటే పెట్టారు. అక్కడ సముద్రం ఏటా సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతున్నట్టు కనిపిస్తుంది, అందులో నేల కుంగుబాటు వాటా నిజంగానే ఉంది. కానీ పక్కనే హోనొలులు గ్రాఫు ఉంది, 1905 నుంచీ ఉంది. హోనొలులు ఉన్న ఓహూ పాత దీవి. ఫలకంతో పాటు పెద్ద దీవి బరువుకు దూరంగా జరిగి, ఇప్పుడు దాదాపు నిలకడగా ఉంది. అక్కడా సముద్రం ఏటా దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూనే ఉంది. నేల కదలని చోట నీళ్లు ఎందుకు పెరిగాయి? ఆ గ్రాఫు ఎందుకు పెట్టలేదు? రెండు గ్రాఫులూ ఒకే పేజీలో దొరుకుతుంటే ఒకదాన్నే ఏరుకోవడాన్ని అజ్ఞానమని సరిపెట్టుకోలేను. 1993 నుంచి సముద్రపు మట్టాన్ని ఉపగ్రహాలు పైనుంచి కొలుస్తున్నాయి. హిలో కుంగినా లేచినా వాటికి పట్టదు. ప్రపంచ సగటు పెరుగుదల ఏటా మూడు మిల్లీమీటర్ల పైనే అని అవి చెబుతున్నాయి.

నేల కుంగుతోంది కాబట్టి సముద్రం పెరగడం లేదట. ఈ తర్కం హిలో తీరాన ఇల్లున్నవారికి చెప్పి చూడండి. వారి గడప దగ్గర ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, కూడుకుంటాయి.