గడ్డపెరుగు దేవదాసు

అత్తవారింట్లో ఎత్తకూడని విషయాలు మూడున్నాయని మా నాన్న పెళ్లికి ముందే చెప్పారు. పొలం గట్లు, కూరలో ఉప్పు, రాజకీయాలు. నాలుగోది చెప్పడం మరిచిపోయారు.

మా మావయ్యగారిది గుడివాడ దగ్గర పల్లెటూరు. అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన రామాపురం కూడా ఆ చుట్టుపక్కలే. మావయ్యగారు చదివింది గుడివాడలో అక్కినేని పేరు మీదున్న కాలేజీలో. ఇవన్నీ తెలిసి కూడా, భోగికి ముందు రోజు సాయంత్రం, టీవీలో 'జగమే మాయ' పాట వస్తుంటే, అరిసె నములుతూ నేనన్నాను: "దేవదాసుని మనవాళ్లు మరీ ఎత్తేశారు మావయ్యగారూ."

ఆయన రిమోట్ తీసుకుని టీవీ సౌండ్ తగ్గించారు. ఆ ఇంట్లో సౌండ్ తగ్గించారంటే కోర్టు మొదలైందని అర్థం.

"ఎత్తేశారంటే?"

"అంటే సినిమా బాగుంటుందండీ. పాటలు, ఘంటసాల గొంతు, వాటి గురించి మాట్లాడక్కర్లేదు. కానీ నటన అంటారా... కళ్లు సగం మూసి, మాట ముద్దగా పలికి, మధ్యమధ్యలో దగ్గితే సరిపోయింది. సోమవారం పొద్దున మా ఆఫీసు మీటింగుకి వచ్చేవాళ్లంతా దేవదాసులే."

"ఏవండీ" అంది మా ఆవిడ. హైదరాబాద్‌లో నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి పుట్టింట్లో మాత్రం 'ఏవండీ' అంటుంది. ఆ ఒక్క మాటలో 'ఇక చాలు, అరిసె తిను' అని మొత్తం ఉంది. నాకు వినపడలేదు. నోట్లో అరిసె ఉంటే చెవులు సరిగ్గా పనిచేయవు.

మావయ్యగారు పడక్కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. పడక్కుర్చీలో నిటారుగా కూర్చోవడం తేలిక కాదు, కోపం ఉంటే తప్ప కుదరదు.

"1953 జూన్ 26న వచ్చింది ఆ సినిమా. అప్పటికి నాగేశ్వరరావుగారి వయసు ఇరవై ఎనిమిది. నాటకాల్లో ఆడవేషాలు వేసి, సినిమాల్లో బాలరాజు, కీలుగుర్రం లాంటి జానపదాలు చేసిన కుర్రాడు. కత్తి తిప్పేవాడికి దేవదాసు ఏంటని నవ్వినవాళ్లున్నారు. వేదాంతం రాఘవయ్యగారు తీసి చూపించాక నోళ్లు మూతపడ్డాయి. హిందీలో సైగల్ అంతకు ముందే చేశాడు, దిలీప్ కుమార్ తర్వాత చేశాడు. 1974లో కృష్ణగారు రంగుల్లో తీశారు. అప్పుడే పాతది మళ్లీ వేశారు, జనం దేనికి వెళ్లారో ఎవర్నయినా అడగండి."

వంటింట్లోంచి అత్తయ్యగారు గరిటెతో సహా వచ్చారు. నాకు సాయం వస్తున్నారనుకున్నాను. ఒక రకంగా అదే నిజమైంది.

"అబ్బాయి అన్నదాంట్లో తప్పేముంది? అసలు సావిత్రి లేకపోతే ఆ సినిమా ఎవరు చూస్తారు? తాగి ఏడ్చేవాణ్ణి చూడ్డానికి టికెట్టెందుకు, మన వీధి చివర రోజూ ఫ్రీయే."

దాంతో కేసు రెండు ముక్కలైంది. మావయ్యగారు ఆవిడ వైపు ఓసారి, నా వైపు ఓసారి చూశారు. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ ఈ మాట మొదటిసారి అన్నదట. నేను పెట్టిన నిప్పు అనుకున్నదానికంటే దూరం వెళ్లిందని నాకప్పుడే తెలిసింది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నేను దేవదాసు సినిమా పూర్తిగా ఎప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు దూరదర్శన్‌లో వేస్తే పార్వతి పెళ్లి దగ్గర నిద్రపోయాను. మిగతాదంతా పాటల ముక్కలు, స్టేజీ మీద మిమిక్రీలు, స్కూలు వార్షికోత్సవంలో గడ్డం అతికించుకుని, శాలువా కప్పుకుని, పక్కన ఎవడో కుక్క వేషం వేస్తే చూసినవి. ఒక సినిమా గొప్పది కాదని వాదించడానికి అది చూసి ఉండాలన్న నియమం మన దేశంలో ఎక్కడా లేదు కాబట్టి ధైర్యంగా ముందుకు వెళ్లాను.

"అసలు ఆ కళ్లు ఎలా వచ్చాయో తెలుసా మీకు?" అన్నారు మావయ్యగారు, గొంతు తగ్గించి, తులసికోట దగ్గర మంత్రం చెప్పినట్టు. "తాగిన సీన్లన్నీ రాత్రిపూట తీసేవారు. ఈయన గడ్డపెరుగు వేసుకుని కడుపునిండా అన్నం తినేవాడు. నిద్ర ముంచుకొస్తుంటే దాన్ని ఆపుకుంటూ నటించేవాడు. రెప్పలు అలా వాలేవి. ఆయనే చెప్పుకున్నారు. అదీ సాధన అంటే."

అక్కడ ఆగిపోతే నేను ఇవాళ ఇది రాసేవాణ్ణి కాదు.

"అయితే ఆ పేరేదో పెరుక్కి రావాలి కదండీ" అన్నాను.

మా బావమరిది నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరిగెత్తాడు. మావయ్యగారు మాత్రం నవ్వలేదు. చాలా మర్యాదగా అన్నారు: "అలాగే అల్లుడుగారూ. రాత్రికి మీరూ పెరుగన్నం తినండి. తిని, ఒక్క సీను చేసి చూపించండి."

గేదె పెరుగు గురించి పట్నం వాళ్లకి పెద్దగా తెలియదు. మేం తినే ప్యాకెట్ పెరుగు స్పూనుతో తీస్తే జారుతుంది. ఆ ఇంటి పెరుగుని గరిటెతో కోయాలి. పైన వేలెడు మీగడ. మొదటి వాయి ఆవకాయతో వెళ్లింది. రెండో వాయి పౌరుషంతో వెళ్లింది. మూడోది అత్తయ్యగారు అడక్కుండానే వేశారు, అది ఎలా వెళ్లిందో నాకు గుర్తు లేదు.

హాలు మధ్యలో నిలబెట్టారు. చేతిలో గ్లాసు ఉండాలన్నారు, మజ్జిగ గ్లాసు ఇచ్చారు. బావమరిది ఫోను తీసి వీడియో మొదలెట్టాడు. నేను కళ్లు సగం మూశాను. అది తేలిగ్గానే వచ్చింది, తెరవడమే కష్టమైంది. 'పార్వతీ' అందామని నోరు తెరిస్తే త్రేన్పు వచ్చింది. పిన్నత్తగారు నవ్వుతూ గోడ పట్టుకున్నారు. పిల్లలు 'ఇంకోసారి, ఇంకోసారి' అన్నారు.

"చూశారా" అన్నారు మావయ్యగారు. "కళ్లు అచ్చం వచ్చాయి. జనం మాత్రం నవ్వుతున్నారు. ఆయన్ని చూసి ఏడ్చారు."

దీనికి జవాబు ఆలోచించే లోపు బావమరిది యూట్యూబ్‌ని టీవీకి కలిపి సినిమా పెట్టేశాడు. అందరూ చూడాల్సిందేనని తీర్పు. బాగానే ఉంది. ఎస్వీ రంగారావు జమీందారుగా కనిపించగానే నేను సర్దుకుని కూర్చున్నాను. సావిత్రి వచ్చింది. అత్తయ్యగారు మావయ్యగారి వైపు 'చూశారా' అన్నట్టు చూశారు. పల్లెకు పోదాం పాట దాకా ఉన్నాను. నిజానికి ఆ పాటలో దేవదాసు నవ్వుతుంటే, వీడికి ముందు ముందు ఏం జరగబోతోందో మనకి తెలిసి, కాస్త గుండె పట్టేసినట్టయింది కూడా. ఆ సంగతి పైకి చెప్పలేదు.

పార్వతి పెళ్లి దగ్గరికి వచ్చేసరికి రెప్పలు మళ్లీ వాలాయి. మావయ్యగారి ముందు నిద్రపోతే పరువు పోతుందని, చల్లగాలికి నిద్ర వదులుతుందని, చప్పుడు చేయకుండా లేచి వీధి అరుగు మీదికి వెళ్లాను. దండెం మీద అత్తయ్యగారి శాలువా కనిపిస్తే కప్పుకున్నాను. ఐదు నిమిషాలు కూర్చుని వద్దామనుకున్నాను.

మెలకువ వచ్చేసరికి లోపల చీకటి. తలుపు గడియ వేసేశారు. అల్లుడు మేడ మీద పడుకున్నాడని కింద వాళ్లు, కింద పడుకున్నాడని మేడ మీద మా ఆవిడ. ఫోను సోఫాలో. అర్ధరాత్రి అత్తవారి తలుపు దబదబా బాదే అల్లుడు కృష్ణా జిల్లాలో ఉంటాడేమో గానీ నేను కాను. మునివేళ్లతో కొట్టాను. మా ఆవిణ్ణి మెల్లగా పేరు పెట్టి పిలిచాను. నాకు బదులు పలికింది వీధి కుక్క. అది మొరిగితే ఇంకోటి, దానికి అవతలి వీధిది. ఎదురింటి కిటికీలో లైటు వెలిగి, ఒక ముసలమ్మ తల కనిపించి, మళ్లీ లైటు ఆరింది. ఇక పిలవడం మానేశాను. కుక్క మొరిగి మొరిగి అలిసిపోయి, చలికి నా కాళ్ల దగ్గరే ముడుచుకుంది. శాలువా కొస దాని మీద కూడా వేశాను. నాకు మళ్లీ ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు. ఆ పెరుగు అలాంటిది.

అప్పుడు తట్టలేదు గానీ, ఆ రోజు భోగి. తెల్లవారుజామున నాలుగున్నరకే ఊరంతా లేస్తుంది. పిడకలు, తాటాకులు, విరిగిన మంచం కోళ్లు పట్టుకుని పిల్లలు ముందు, పెద్దలు వెనక. అత్తయ్యగారు ముగ్గు గిన్నెతో తలుపు తీసి, కెవ్వుమని అరిచారు. మంట వెలుగులో నేను కళ్లు తెరిచాను. సగమే తెరుచుకున్నాయి. పండక్కి గీసుకుందామని ఆపిన మూడు రోజుల గడ్డం, భుజాల మీద శాలువా, మూసిన తలుపు ముందు నేను, పక్కన కుక్క.

బావమరిది అందరికంటే ముందు తేరుకున్నాడు. "హరిదాసు రావాల్సిన టైంకి దేవదాసు వచ్చాడేంటి బావా?"

మావయ్యగారు మెట్ల మీద నిలబడి, కింది నుంచి పైదాకా, గడ్డం నుంచి కుక్క దాకా నన్ను చూశారు. ఆ ముఖంలో జాలి లేదు, కోపమూ లేదు. కాపీ కొట్టిన పేపరు దిద్దుతున్న మాస్టారి ముఖం అది.

"క్లైమాక్స్ ఎలా ఉంది అల్లుడుగారూ?" అన్నారు.

"చూడలేదండీ" అన్నాను.

ఎదురింటి ముసలమ్మ అప్పటికే నలుగురిని పోగేసింది. రాత్రి అల్లుడు తాగొచ్చాడనీ, ఇంట్లో వాళ్లు రానివ్వలేదనీ, పెళ్లాం పేరు పెట్టి పిలిచి ఏడ్చాడనీ చెబుతోంది. ఏడవలేదు, ఆ ఒక్క ముక్క అబద్ధం. పెరుగన్నం తిన్నానండీ అని చెప్పబోయాను. నాకే నమ్మబుద్ధి కాలేదు.

"పోనీలే అమ్మా" అంది ఆవిడ అత్తయ్యగారి భుజం తట్టి. "తాగితే తాగాడు గానీ, కుక్కక్కూడా దుప్పటి కప్పాడు. మనసు మంచిదే."

మావయ్యగారు మంటలో ఒక పిడక వేసి, నా వైపు తిరక్కుండా అన్నారు: "అక్కడ మాత్రం నటించలేదు, నేనూ ఒప్పుకుంటా."

మధ్యాహ్నం భోజనంలో అందరికీ పెరుగు వేశారు. నాకు మజ్జిగ పోశారు.