మహారాజశ్రీ డీఫాల్ట్ ప్రోగ్రామ్ గారికి

టీజీఏ యంత్రంలో (శాంపిల్‌ను వేడి చేస్తూ దాని బరువు ఎంత తగ్గుతోందో తూచేది) కొలువుదీరిన మహారాజశ్రీ డీఫాల్ట్ ప్రోగ్రామ్ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

నైట్రోజన్‌లో, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున, 30 నుంచి 600 దాకా. ఇదీ తమరి శాసనం. పాలిథీన్ వచ్చినా ఇదే, నైలాన్ వచ్చినా ఇదే, కార్బన్ ఫైబర్ పలక ముక్క వచ్చినా ఇదే. శాంపిల్ వేసి, స్టార్ట్ నొక్కి, గంట తర్వాత వచ్చి ప్రింటు తీసుకునేవాళ్ళకి తమరే ఇలవేల్పు. కర్వ్ సిద్ధం, 5 శాతం బరువు తగ్గిన ఉష్ణోగ్రత సిద్ధం, "ఈ ప్లాస్టిక్ 400 డిగ్రీల దాకా ఢోకా లేకుండా నిలుస్తుంది" అన్న రిపోర్టూ సిద్ధం.

ఆ ఢోకా సంగతే మనవి చేసుకుంటున్నాం. అదే శాంపిల్‌ని నిమిషానికి 1 డిగ్రీ చొప్పున వేడి చేయించండి. యాక్టివేషన్ ఎనర్జీ (చెడటానికి దాటాల్సిన శక్తి గట్టు) మోలుకు 200 కిలోజౌళ్ళున్న పాలిమర్ అయితే ఆ 400 కాస్తా సుమారు 360కి దిగుతుంది. పదార్థం మారలేదు, తమరి తొందర తగ్గిందంతే. ఇక గాలిలో పెడితే పాలిథీన్, పాలిప్రొపిలీన్ ఆక్సిజన్ తగిలి అంతకన్నా చాలా ముందే చెడటం మొదలుపెడతాయి. ప్లాస్టిక్ వస్తువును నైట్రోజన్ మధ్య పెట్టుకుని వాడేవాళ్ళు ఎందరో తమరికే తెలియాలి.

నైలాన్ గోడు వేరు. ఆరబెట్టని నైలాన్ 6లో 2–3 శాతం తేమ ఉండటం మామూలే. అంటే తమరి 5 శాతంలో సగం నీళ్ళకే పోయింది, పాలిమర్ గొలుసు ఒక్కటీ తెగకముందే. 110 దగ్గర ఓ అరగంట ఆగి, అప్పటి బరువును 100 శాతంగా తీసుకుంటే సరిపోయేది. ఆగడం తమరి జాతకంలో లేదాయె.

ఫైబర్‌ను రెజిన్ అనే జిగురుతో పట్టి ఉంచిన కాంపోజిట్ల దగ్గరికొస్తే తమరి న్యాయం మరీ గొప్పది: 600 దగ్గర పాన్‌లో, అంటే శాంపిల్ వేసే చిన్న గిన్నెలో, మిగిలిందంతా ఫైబరే! ఎపాక్సీ రెజిన్ నైట్రోజన్‌లో పూర్తిగా ఆవిరై పోదు మహాప్రభో, బొగ్గు మిగులుస్తుంది. ఆ బొగ్గునీ ఫైబర్ ఖాతాలో జమ వేస్తున్నారు. గ్లాస్ ఫైబర్ అయితే చివర్లో గాలికి మార్చి బొగ్గును కాల్చేయొచ్చు. కార్బన్ ఫైబర్ అయితే ఆ గాలిలో బొగ్గుతోపాటు ఫైబరూ కాలడం మొదలవుతుంది. దానికి యాసిడ్‌లో రెజిన్‌ను కరిగించి తూచడమే దారి. ఫిల్లర్, అంటే ఖనిజపు పొడి, కలిసిందా, ఇంకా చిక్కు. 30 శాతం గ్లాసు, 20 శాతం కాల్షియం కార్బొనేట్ ఉన్న ముక్కను 900 దాకా తీసుకెళ్తే మిగిలేది 50 కాదు, 41.2. ఆ కార్బొనేట్, అంటే సుద్ద, తన బరువులో 44 శాతాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేస్తుంది. అల్యూమినియం హైడ్రాక్సైడ్ అయితే 34.6 శాతం నీటిని 200 దాటాక, రెజిన్ చెడటం మొదలయ్యే వేళకే విడుస్తుంది, ఎవరి బరువు ఎవరిదో తేలదు.

అసలు 10 మిల్లీగ్రాముల చిటికెడులో పలక మొత్తం జాతకం చూడబోవడమే విడ్డూరం. కత్తి ఫైబర్ కట్ట మీద పడితే ఒక అంకె, రెజిన్ ఎక్కువున్న చోట పడితే ఇంకో అంకె. కనీసం మూడు నాలుగు చోట్ల కోసి వెయ్యాలి. గ్లాసు శాతమే కావలిస్తే కొన్ని గ్రాముల ముక్కను మఫుల్ ఫర్నేస్‌లో (మూసిన విద్యుత్ కొలిమిలో) 565 దగ్గర కాల్చి తూచడం మేలు. పాత పద్ధతే, కానీ అబద్ధాలు తక్కువ.

నల్ల పైపులో కార్బన్ బ్లాక్ (నలుపునిచ్చే కార్బన్ పొడి) కొలిచేటప్పుడు తమరి చేతివాటం ఇంకా సూక్ష్మం. ముందు నైట్రోజన్‌లో పాలిమర్‌ను పంపేసి, తర్వాత గాలికి మార్చి, అప్పుడు తగ్గిన బరువు మెట్టును కార్బన్‌గా లెక్కగట్టాలి. మొదట్లో అరగంట నైట్రోజన్‌ను పారించి లోపలి గాలిని తరిమెయ్యకపోతే (పర్జ్) ఫర్నేస్‌లో మిగిలిన ఆక్సిజన్ కార్బన్‌లో కొంత ముందే మింగేస్తుంది. పైగా వేడికి గ్యాస్ సాంద్రత తగ్గి, దాని తేలింపు తగ్గి, ఖాళీ పాన్ కూడా బరువెక్కినట్టు కనిపిస్తుంది. 10 మిల్లీగ్రాముల మీద 50 మైక్రోగ్రాములంటే అర శాతం. కొలిచేదే 2–2.5 శాతమైతే అది చిన్న దొంగతనం కాదు. ఖాళీ పాన్‌తో ఒక రన్ తీసి, ఆ గీతను తీసివెయ్యడం తమరి మెనూలోనే ఉంది. ఎవరూ నొక్కరు.

బ్యాలెన్స్ మీద అనుమానముంటే కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్ వేసి చూడండి. దాని బరువు 12.3, 19.2, 30.1 శాతం చొప్పున మూడు మెట్లలో తగ్గాలి. ఆ శాతాలు తమరెంత తొందరపడ్డా మారవు. ఆ మెట్లు వచ్చే ఉష్ణోగ్రతలు మాత్రం మారతాయి, అందుకే థర్మామీటరు పరీక్షకు నికెల్ క్యూరీ బిందువు (నికెల్ అయస్కాంత గుణం కోల్పోయే ఉష్ణోగ్రత) ఉంది, ఆక్సలేట్ కాదు.

ఇట్లు,
తమరి అంకెలకు వివరణలు రాసుకునేవాళ్ళు

తా.క.: తమరిని 600 నుంచి 900కి పొడిగిస్తున్న ఉత్సాహవంతులు పాన్ వైపు ఓసారి చూడాలి. అల్యూమినియం 660 దగ్గర కరుగుతుంది. కర్వ్ బాగానే వస్తుంది, పాన్ మాత్రం తిరిగి రాదు.